రిబ్కమ్మ పాలు మానేసిన రోజు

పోయిన వారం మనం జ్యోత్స్నని తెనాలిలో ఒక ఎముకల ఆసుపత్రి వరండాలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. మనకి వారం గడిచింది గానీ ఆమెకి నిమిషం కూడా గడవలేదు. చేతిలో అమ్మ ఎక్స్‌రే ఉంది. ఎదురుగా అమ్మ పొరుగింటి ఏసమ్మ ఉంది. ఏసమ్మ అప్పుడే నోరు జారి అనేసిన మాట ఇంకా చెవిలో ఉంది.

"ఆ కాల్షియం బిళ్ళలు మింగింది మీ అమ్మ కాదు జ్యోత్స్నమ్మా. నేను."

ఈ వారమే మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. రిబ్కమ్మ రేపల్లెలో అందరికీ తెలిసిన టీచరమ్మ. రిటైరయ్యాక కొడుకు ఫిన్నీ దగ్గరే ఉంటోంది. పై అరలోంచి చింతపండు డబ్బా తీయబోయి వంటింట్లో పడింది. ఆ కాస్త పడినందుకే తుంటి ఎముక విరిగింది. తెనాలి తీసుకొచ్చి ఆపరేషన్ చేయించారు. పగలు బాపట్ల నుంచి కూతురు జ్యోత్స్న వచ్చి కూచుంటుంది. సాయంత్రం చెరుకుపల్లిలో బడి వదిలాక ఫిన్నీ వస్తాడు. అక్క మెట్లు దిగి వెళ్ళిపోయేదాకా ఆ మాస్టారు కింద టీకొట్టు దగ్గర నిలబడి ఉంటాడు. ఇద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు.

ఆ ఆరేళ్ళ కిందట తండ్రి దేవదానం పోయిన రోజు తుఫాను వాన. బాపట్ల నుంచి జ్యోత్స్న, ఆమె భర్త ఫణీంద్ర కారులో బయల్దేరి, నీళ్ళల్లో ఆగుతూ ఆగుతూ రేపల్లె చేరేసరికి సమాధి పూడ్చేశారు. తండ్రి పెట్టె మీద పిడికెడు మట్టి వేసే భాగ్యం కూడా ఆమెకి దక్కలేదు. "నేనే ఆగొద్దన్నాను అక్కా, నీళ్ళొచ్చేస్తున్నాయి" అన్నాడు ఫిన్నీ. ఆ తర్వాత అక్కాతమ్ముళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఫణీంద్ర చీరాల మగ్గాల ఇంటి పిల్లవాడు, చీరల వ్యాపారం. వీళ్ళేమో లూథరన్ సంఘంలో పెద్ద కుటుంబం. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. అత్తగారింటి గడప అతను ఇప్పటికీ తొక్కలేదు. ఇప్పుడు కూడా మధ్యాహ్నం రైల్లో వచ్చి, తెనాలిలో తెలిసినవాళ్ళింట్లో కాచిన పాలు ఫ్లాస్కులో పోయించుకుని తెచ్చి, కింద మందుల షాపు దగ్గర భార్య చేతికిచ్చి వెళ్ళిపోతున్నాడు. ఆ పాలు రిబ్కమ్మ ముట్టడం లేదు.

ఇక డాక్టరు వినోద్ కుమార్ ఏమన్నాడో అదొక్కటి గుర్తు చేసుకుంటే చాలు. "మేడమ్, అమ్మగారు పడి ఎముక విరిగిందనుకుంటున్నారు మీరు. నాకైతే ఎముక విరిగి పడ్డారేమో అనిపిస్తోంది. అంత గుల్లబారిపోయింది. రెండో తుంటి కూడా దీనికేం తీసిపోలేదు. వయసు ఒక కారణం, ఎండ మొహం చూడకపోవడం ఒక కారణం. అన్నీ పాలు మానడం మీదికి తోసెయ్యను. కానీ లోపలున్నది పోతూ ఉంటే, బయట్నుంచి వచ్చేది కూడా ఆపేస్తే ఇంకేం మిగుల్తుంది? ఇప్పుడు లేచి నిలబడకపోతే కష్టం. నిలబడి మళ్ళీ పడితే ఇంకా కష్టం." బిళ్ళలు నేనే నెలనెలా పంపిస్తున్నానండి అంది జ్యోత్స్న. "పంపించడం వేరండి, మింగడం వేరు. కనుక్కోండి" అన్నాడాయన.

కనుక్కుంటే బయటపడింది ఇదీ.

"నువ్వెందుకు మింగావు ఏసమ్మత్తా?" అంది జ్యోత్స్న. కోపం రావాల్సిన చోట ఆమెకి నవ్వు రాబోయింది. పొరుగింటి ఏసమ్మ మీద కోపం తెచ్చుకోవడం ఎవరికీ అంత తేలిక కాదు.

"మరి పారెయ్యమంటావా? డబ్బా రాగానే టీచరమ్మ నా చేతిలో పెట్టేది. ఏసమ్మా, నీ మోకాళ్ళకి మంచిది, వేసుకో, అమ్మాయికి మాత్రం చెప్పకు అనేది. అబద్ధమెందుకు, నాకు కాస్త తేలిగ్గానే ఉంది కూడా." రుజువు చూపిస్తున్నట్టు ఏసమ్మ ఒక కాలు ముందుకు చాపింది. జ్యోత్స్న మొహం చూసి మళ్ళీ వెనక్కి లాక్కుంది.

"అమ్మెందుకు వేసుకోలేదు?"

"మొక్కు."

"ఏం మొక్కు?"

"నీకు తెలీందేముంది? శ్రమదినాలు మొదలవగానే మన స్త్రీల సమాజంలో తలా ఒకటి మానేస్తాం కదా. నేను కోడిగుడ్డు మానేస్తాను. పాస్టరమ్మగారు కాఫీ మానేస్తారు. ఈస్టరు రాగానే ఎవరిది వాళ్ళు మొదలెట్టేస్తాం. మీ నాన్న పోయినాక వచ్చిన శ్రమదినాల్లో, నేను పాలూ పెరుగూ మానేశానని చెప్పింది మీ అమ్మ. అప్పటికే ముట్టడం లేదనుకో. ఈస్టరొచ్చింది. మేమంతా మొదలెట్టాం. టీచరమ్మ మొదలెట్టలేదు. అడిగితే, నాది ఈస్టరుతో అయిపోయేది కాదు ఏసమ్మా అంది. అరగడం లేదని ఇంట్లో చెప్పుకుంది."

రిబ్కమ్మ పెరుగు మానేసిందంటే పాతకాలం వాళ్ళెవరూ నమ్మరు. పెరుగు వడ్డించకుండా లేవనిస్తే భోజనానికి పిలిచినట్టే కాదనే మనిషి ఆవిడ. పొద్దున్నే పెరుగు గిన్నె పక్కకి వంచి, "చూడండి, కదుల్తుందేమో" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించేది. మీగడ మీద మొదటి హక్కు ఎవరిదని జ్యోత్స్న, ఫిన్నీ జుట్లు పట్టుకునేవాళ్ళు. అలాంటి మనిషి అరగడం లేదంటే కొడుకు నమ్మాడు, ఫోన్లో కూతురూ నమ్మింది. వయసైంది కదా అనుకున్నారు. పెద్దవాళ్ళ విషయంలో మనం ఆ ఒక్క మాట అనేసుకుని ఎన్ని సంగతులు అడక్కుండా వదిలేస్తామో లెక్కే లేదు.

"దేనికోసం మొక్కిందట?"

"ఇంకెందుకు? మీరిద్దరూ కలవాలని. నాతో ఆ మాట అనలేదనుకో. కానీ అంతకన్నా ఏముంటుంది ఆ మనిషికి మొక్కుకోడానికి?"

"పాలు మానేస్తే మానేసింది. బిళ్ళలకేమొచ్చింది అత్తా?"

ఏసమ్మ కొంచెం తటపటాయించింది. "నువ్వే చెప్పావు కదమ్మా. ఫోను స్పీకర్లో పెట్టింది, నేను పక్కనే ఉన్నా. అమ్మా, పాలు పడకపోతే పోనీలే, ఈ బిళ్ళొకటి వేసుకో, గ్లాసు పాలు తాగినట్టే అన్నావు. ఫోను పెట్టేసి డబ్బా నాకిచ్చేసింది. పాలు తాగినట్టేనంట ఏసమ్మా, ఇదీ నాకు పనికిరాదు అంది."

జ్యోత్స్న గోడకి ఆనుకుంది. బాపట్లలో ఆడపిల్లల కాలేజీలో ఆమె చెప్పే పాఠమే అది, తిండీ పోషణా. విద్యార్థినుల్ని వెంటేసుకుని కారంచేడు దాకా ఊళ్ళు తిరుగుతుంది. అరుగుల మీద ముసలమ్మల్ని కూచోబెట్టి రాగిజావ తాగమంటుంది, నువ్వులుండ తినమంటుంది, నెత్తళ్ళలాంటి చిన్న చేపలు ముల్లుతో సహా నమిలి మింగమంటుంది, పొద్దుటెండలో కాసేపు కూచోమంటుంది. గ్లాసు పాలు తాగినట్టే అన్న మాట ఆమె సొంతం. ఎంత తేలిగ్గా అర్థమవుతుందో అని మురిసిపోయి అందరికీ అదే చెబుతుంది. అర్థం కావలసిన వాళ్ళందరికీ అర్థమైంది. కన్నతల్లికి మరీ బాగా అర్థమైంది.

ఊరందరి ఎముకల గురించీ అడిగాను, అమ్మని ఒక్కసారి ఎదురుగా కూచుని నువ్వేం తింటున్నావని అడగలేదు అనుకుంది. రేపల్లె వెళ్తే తమ్ముడి మొహం చూడాలి. ఆ మొహం చూడకూడదన్న పంతంతో అమ్మ మొహమూ చూడలేదు.

ఆమె లోపలికి వెళ్ళేసరికి రిబ్కమ్మ దిండుకి ఆనుకుని ఉంది. మంచం పక్కనే కొత్త వాకర్, ఇంకా ప్లాస్టిక్ కాగితమైనా తీయకుండా. నిలబడమని నర్సు బతిమాలితే, "భయంగా ఉందమ్మా, రేపు చూద్దాం" అంటోంది. ప్రతిరోజూ ఆ రేపే.

"అమ్మా, బిళ్ళ పాలు కాదమ్మా. సున్నపురాయి జాతిది. దానికీ పాలకీ ఏ చుట్టరికమూ లేదు."

రిబ్కమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని కూతుర్ని చూసింది. రెండో తరగతి పిల్లవాడు కూడిక తప్పు చేసి తెస్తే చూసే చూపు అది.

"ఏసమ్మ చెప్పేసిందన్నమాట. అప్పుడు పాలే అన్నావు, ఇప్పుడు సున్నం అంటున్నావు. నేనేది నమ్మాలి?"

"నీకు సులువుగా అర్థమవ్వాలని అలా అన్నాను."

"నాకు అర్థమైంది కదా."

"డాక్టరుగారన్నది విన్నావా? రెండో కాలు కూడా..."

"విన్నాను. నేను మాటిచ్చింది డాక్టరుగారికి కాదు."

జ్యోత్స్న మంచం అంచున కూచుని అమ్మ చెయ్యి పట్టుకుంది. మణికట్టు ఇంత సన్నబడిందని ఆమె ఎప్పుడూ చూడలేదు. బెత్తం పట్టుకోకుండానే తరగతినంతా కూచోబెట్టిన చెయ్యి అది.

"నేనూ ఫిన్నీ కలిసిపోతే తాగుతావా?"

రిబ్కమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళనే జ్యోత్స్న జవాబు అనుకుంది.

బయటికొచ్చి ఫోను తీసింది. తమ్ముడి నంబరు ఇన్నేళ్ళూ అందులోనే ఉంది. తీసెయ్యలేదు, నొక్కలేదు. ఒక్కసారి మోగగానే ఎత్తాడు.

"అక్కా! అమ్మకేమైంది?"

ఆరేళ్ళ తర్వాత వినబడిన మొదటి మాట అది.

"ఏం కాలేదు. నువ్వు రా. సాయంత్రం కాదు, ఇప్పుడే రా."

పూట సెలవు పెట్టి బస్సెక్కాడు ఫిన్నీ. తెనాలిలో దిగి ఆసుపత్రి దాకా పరుగులాంటి నడకతో వచ్చినవాడు, గేటు దగ్గరకి రాగానే అలవాటు ప్రకారం టీకొట్టు వైపు తిరిగాడు. అక్క దిగి వెళ్ళేదాకా ఆగాలి కదా. అక్కేమో టీకొట్టు దగ్గరే నిలబడి ఉంది.

చెవుల పక్క జుట్టు తెల్లబడింది వాడికి. నా తమ్ముడికి జుట్టు తెల్లబడుతుంటే నేనెక్కడున్నాను అనిపించింది ఆమెకి. రెండు టీలు చెప్పింది. ఇద్దరూ గ్లాసుల్లోకి చూస్తూ నిలబడ్డారు.

"లావయ్యావు" అంది ఆమె.

"నువ్వు చిక్కావు అక్కా."

"అమ్మ పాలూ పెరుగూ ముట్టకపోతే ఇంట్లో ఉన్నవాడివి, నీకు తెలియలేదంట్రా?"

"అరగడం లేదంది. నేనేమో అదే నిజమనుకున్నాను. మొన్న ఎముకలు చూసి డాక్టరు అడుగుతుంటే సిగ్గేసింది."

ఆమె మొక్కు సంగతి చెప్పింది. బిళ్ళల సంగతీ చెప్పింది. వింటున్నకొద్దీ ఫిన్నీ మొహం మారిపోయింది. ఏదో అనబోయి టీ గుటక వేశాడు.

"చూడు ఫిన్నీ, ఆ రోజు సంగతి నేను మర్చిపోలేదు. మర్చిపోతానని కూడా చెప్పను. నాన్న మీద పిడికెడు మట్టి వెయ్యలేకపోయానన్న బాధ నా చేతుల్లో ఇంకా ఉంది. కానీ అమ్మ నడవాలి. ఆమె ముందు కూచుని ఒక కంచంలో తిందాం. ఆ తర్వాత ఏమైతే అయింది."

"నువ్వెట్లా అంటే అట్లా అక్కా."

"ఇన్నేళ్ళలో ఒక్క ఫోను చెయ్యలేకపోయావా?"

"చేస్తే అడుగుతావు కదా, ఎందుకు ఆగలేదని."

"అడిగితే చెప్పాలి."

"చెప్పాను కదక్కా. నీళ్ళొచ్చాయని." ఖాళీ గ్లాసుని అటూ ఇటూ తిప్పుతూ అన్నాడు. అక్క వైపు మాత్రం చూడలేదు.

పక్క మెస్సులో పెరుగన్నం కట్టించుకుని ఇద్దరూ కలిసి మెట్లెక్కారు. తలుపులోంచి ఆ ఇద్దర్నీ చూసి ఏసమ్మ ఒక్క ఉదుటున లేచింది. "స్తోత్రం! స్తోత్రం!" అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మీరు మీరు కూచోండమ్మా అని కిందికి వెళ్ళిపోయింది. ఆ సంతోషంలో ఏసమ్మ కింద చేసిన పని ఒకటుంది. అది కాసేపట్లో మనకే తెలుస్తుంది.

స్టూలు మంచం దగ్గరికి లాక్కున్నారు. స్టీలు కంచంలో పెరుగన్నం. జ్యోత్స్న ఒక ముద్ద చేసి తమ్ముడి నోటికి అందించింది. చిన్నప్పుడు అలాగే పెట్టేది, వాడు వేలు కొరికేవాడు. ఇప్పుడు కొరకలేదు, కళ్ళు దించుకుని నమిలాడు. ఆమె కూడా ఒక ముద్ద తింది. మూడో ముద్ద అమ్మ పెదాల దగ్గరికి తీసుకెళ్ళింది.

"చూశావుగా అమ్మా. ఇక తిను."

రిబ్కమ్మ ఆ ముద్దని చాలాసేపు చూసింది. పెరుగు వాసన తగిలి ఆమె ముక్కుపుటాలు కదిలాయి. ఎంత ఇష్టమో ఆ మొహంలోనే కనబడింది. అయినా నోరు తెరవలేదు.

"నా మొక్కు అది కాదమ్మా."

జ్యోత్స్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"మీరిద్దరూ కలవాలని ప్రార్థన చేశాను. రోజూ చేశాను. పాలు మానింది అందుకు కాదు."

ఫిన్నీ గభాలున లేచాడు. "అమ్మా, వద్దు."

"ఇంకా ఎన్నాళ్ళు మోస్తావురా నాన్నా, నా మూట?" రిబ్కమ్మ కూతురి వైపు తిరిగింది. "జ్యోత్స్నా, ఆ రోజు ఆగొద్దన్నది వీడు కాదు. నేను."

ముద్ద కంచంలో పడిపోయింది.

"వీడు ఆగుదామన్నాడు. పాస్టరుగారు కూడా ఇంకాసేపు చూద్దామన్నారు. నీళ్ళు రావడం నిజమే, కానీ అంత తొందరేమీ లేదు. మీ కారు చెరుకుపల్లి దాటిందని ఫోనొచ్చింది. అప్పుడే, కానివ్వండి అన్నాను."

"చెరుకుపల్లి దాటాక?" అంది జ్యోత్స్న. "ఇంకెంత దూరం అమ్మా అది?"

"నీతోపాటు ఫణీంద్ర వస్తున్నాడు. సంఘమంతా చూస్తుండగా ఆ అబ్బాయి పెట్టె పక్కన నిలబడి అల్లుడిగా మట్టి వేస్తే, నలుగురూ ఏమంటారోనని భయపడ్డాను. స్త్రీల సమాజం అధ్యక్షురాలిని కదా, నా పరువు నాకు అంత ముఖ్యమైపోయింది. అది ఒక్కటే ఆలోచించాను. నిన్ను ఆలోచించలేదు."

"నాన్నకి ఇష్టం లేదనా?"

"మీ నాన్నకి ఏ పట్టింపూ లేదు. పోయే ముందు కూడా, అల్లుణ్ణి ఒకసారి చూడాలనుంది రిబ్కా, పిలిపించు అన్నాడు. క్రిస్మస్‌కి పిలుద్దాంలే అన్నాను. ఆయనకి ఆ క్రిస్మస్ రాలేదు. పట్టింపంతా నాదే."

జ్యోత్స్న తమ్ముడి వైపు తిరిగింది. కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు. "నువ్వెందుకు చెప్పలేదురా? ఆరేళ్ళు నిన్ను తిట్టుకున్నాను. నీ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేదాన్ని."

ఫిన్నీ తల వంచుకున్నాడు. "అమ్మ అడిగింది. అక్క నిన్నంటే నువ్వు ఓర్చుకోగలవు, నన్నంటే నేను బతకలేను అంది. పొద్దున నాన్న పోయాడు. సాయంత్రానికి అమ్మని కూడా పోగొట్టుకోలేకపోయానక్కా."

ఆమె లేచి వాడి భుజం పట్టుకుంది. ఇంకేం చెయ్యాలో తోచలేదు. పోయిన ఏళ్ళని తిరిగి తెచ్చి వాడి చేతిలో పెట్టే ఉపాయం లేదు కదా. వాడి భుజం మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

రిబ్కమ్మ దుప్పటి అంచు నలుపుతూ, తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పుకుపోయింది. "సమాధి దగ్గర్నుంచి వచ్చాక ఎవరో నా చేతిలో పెరుగన్నం గిన్నె పెట్టారు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, తినండి టీచరమ్మా అని. ముద్ద నోట్లో పెట్టుకుని కిటికీలోంచి చూశాను. గేటు అవతల వానలో నిలబడి ఉన్నాడు ఆ అబ్బాయి. నువ్వు లోపల ఏడుస్తున్నావు. ఊళ్ళోవాళ్ళందరికీ అన్నాలు పెడుతున్నారు, లోపలికి రా అని అతన్ని పిలిచినవాళ్ళు లేరు. గుక్కెడు నీళ్ళిచ్చినవాళ్ళు లేరు. పిలవాల్సింది నేను. ఆ ముద్ద నాకు గొంతు దిగలేదు. ఆ అబ్బాయిని నా ఇంట్లో కూచోబెట్టి, నా చేత్తో పెరుగన్నం పెట్టేదాకా నేను పాలూ పెరుగూ ముట్టనని అప్పుడే అనుకున్నాను."

"మరి పిలవచ్చు కదమ్మా!" జ్యోత్స్న దాదాపు అరిచింది. "ఒక్క ఫోను చేస్తే పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. ఆరేళ్ళు ఎముకలు అరగదీసుకున్నావు గానీ ఒక్క పిలుపు పిలవలేకపోయావా?"

"పాలు మానడం తేలికమ్మా" అంది రిబ్కమ్మ. "పిలవడమే నాకు చాతకాలేదు."

తలుపు దగ్గర ఏదో అలికిడయింది.

ఏసమ్మ కింద చేసిన పని ఇదీ. మందుల షాపు దగ్గర ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ ఫణీంద్ర దగ్గరికి వెళ్ళి, "అంతా కలిసిపోయారు బాబూ, అక్కాతమ్ముళ్ళు ఒక కంచంలో తింటున్నారు, నువ్వొక్కడివే ఎందుకు బయట, పైకి పద" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఇప్పుడు అతని వెనక నిలబడి, లోపలి మొహాలు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాళ్ళు ఎంతసేపటి నుంచి అక్కడున్నారో ఎవరికీ తెలియదు. అతని కళ్ళు చూస్తే మాత్రం అంతా విన్నాడని తెలుస్తోంది.

"బాబూ" అంది రిబ్కమ్మ. ఆ పిలుపు ఆమె నోట అతను వినడం అదే మొదలు.

ఫణీంద్ర లోపలికొచ్చి ఫ్లాస్కు స్టూలు మీద పెట్టాడు. మూత సరిగ్గా బిగించి ఉందో లేదో చూశాడు. అతని మొహంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని జ్యోత్స్నకి అనిపించింది.

"అత్తయ్యగారూ, ఆ రోజు మీరు కిటికీలోంచి నన్ను చూశారు. నేనూ మిమ్మల్ని చూశానండి."

రిబ్కమ్మ తల ఎత్తలేదు.

"చూసి, మీరు కిటికీ రెక్క వేసేసుకున్నారు. వాన జల్లు కొడుతోందేమోలే అనుకున్నాను. ఇన్నాళ్ళూ అలాగే అనుకుంటూ వచ్చాను. జ్యోత్స్నకి కూడా చెప్పలేదు."

జ్యోత్స్న అమ్మ వైపు చూసింది. కిటికీ రెక్క సంగతి అమ్మ చెప్పలేదు. మొత్తం చెప్పేశాననుకున్న మనిషి ఆ ఒక్కటీ దాచుకుంది. కాదని ఇప్పుడైనా అంటుందేమో అని చూసింది. రిబ్కమ్మ అనలేదు.

"పాలు వేడిగా ఉన్నాయి. మొక్కు మీది, తాగడం తాగకపోవడం మీ ఇష్టం అండి" అన్నాడు ఫణీంద్ర. భార్య వైపు తిరిగి, "నేను స్టేషన్‌కి వెళ్తున్నాను" అన్నాడు. వెనక్కి చూడకుండా వరండాలోకి నడిచాడు. చెప్పుల చప్పుడు మెట్ల వైపు సాగింది.

జ్యోత్స్న మొగుడి వెనక వెళ్ళాలా, అమ్మ దగ్గర ఉండాలా తేల్చుకోలేక మధ్యలో నిలబడిపోయింది. ఫిన్నీ, "బావా!" అంటూ తలుపు దాకా పరిగెత్తాడు. అందరూ అటే చూస్తున్నారు. మంచం వైపు ఎవరూ చూడలేదు.

అందుకే ఎవరూ పట్టుకోలేకపోయారు. వెనక ప్లాస్టిక్ కాగితం చిరిగిన చప్పుడు విని జ్యోత్స్న తల తిప్పేసరికి, ఇన్ని రోజులూ నిలబడడానికి భయమన్న రిబ్కమ్మ రెండు చేతులా వాకర్ పట్టుకుని, రెండు పాదాలూ నేల మీద పెట్టి, తలుపు వైపు మొదటి అడుగు ఎత్తింది.